ఒకే నొప్పి, ఒకటికి మించిన కారణాలు: కీళ్ళ వ్యాధుల నిర్ధారణ గూర్చి

గండికోట నుంచి జమ్మలమడుగు వైపు వచ్చే దారిలోని పల్లె మసీదుల్లో ఇటీవలి కాలంలో కుర్చీలు పెరిగాయి. వాటిలో కూర్చుని నమాజు చేసే పెద్దలను పలకరిస్తే ఒకరు "వాతం" అంటారు. మరొకరు "ఫ్లోరైడు నీళ్ళు" అంటారు. ఇంకొకరు "చికున్‌గున్యా వచ్చిపోయినప్పటినుంచీ ఇంతే" అంటారు. ఎవరి నొప్పికి వారి దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. ఆ పేరు నిజమేనా అని అడిగేవారు కొందరున్నారు. నిజమే అయినా అదొక్కటేనా అని అడిగేవారు చాలా తక్కువ. ఈ రెండవ ప్రశ్నే ఈ వ్యాసానికి విషయం.

ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. అనువాదం నా వృత్తి కనుక బంధుమిత్రులు ఇంగ్లీషులో ఉన్న ఆసుపత్రి కాగితాలు తెచ్చి చదివించుకుంటూ ఉంటారు. కొన్నేళ్ళ క్రితం మా ఖాలా ఆ విధంగానే తన ఎక్స్‌రే నివేదికను నా చేతిలో పెట్టింది. ఆమె పుట్టింది ప్రొద్దుటూరులో, కాపురం గండికోటకు దగ్గరలోని ఒక పల్లెలో. ముప్పై ఏళ్ళకు పైగా బోరు నీళ్ళు తాగిన మనిషి. ఎముకలు ఉండవలసిన దానికంటే చిక్కబడ్డాయనీ, వెన్నెముక వెంట ఉండే బంధనాలు సున్నంలాగా గట్టిపడ్డాయనీ, ఇది ఫ్లోరోసిస్ అనీ ఆ నివేదికలో ఉంది. నేను అర్థం చెప్పి, "దీనికి మందు లేదు ఖాలా. నీళ్ళు మార్చు, సబ్ర్ చెయ్యి" అన్నాను.

ఆమె సబ్ర్ చేసింది. రెండేళ్ళకు చేతివేళ్ళు ఒక పక్కకు వంగిపోయాయి. అప్పుడు చూసిన మరొక డాక్టరు, ఫ్లోరోసిస్ ఉన్న మాట నిజమేననీ, దానితోపాటు రుమటాయిడ్ అనే కీళ్ళవాతం కూడా చాలాకాలంగా ఉందనీ చెప్పాడు. మొదటి జబ్బుకు మందు లేకపోవచ్చు. రెండవదానికి మందు ఉంది. ఉండి కూడా ఆమెకు రెండేళ్ళు అందలేదు. "నా నొప్పికి మూడు పేర్లు పెట్టినారు బేటా, మాత్ర మాత్రం ఒకటే ఇచ్చినారు" అని ఆమె అన్న మాట నన్ను ఈ విషయం చదవడానికి పురికొల్పింది. ఆ మూడు పేర్లలో ఒకటి నేను చదివి వినిపించినదే.

ప్రాచీన హకీముల దృష్టి

అరబ్బీ వైద్య గ్రంథాలలో కీళ్ళనొప్పిని వజవుల్ మఫాసిల్ అంటారు. కాలి బొటనవేలును పట్టుకునే నొప్పికి నిఖ్రిస్ అనీ, తుంటి నుంచి కాలి వెంట దిగే నొప్పికి ఇర్ఖున్నసా అనీ వేరు పేర్లున్నాయి. యూనానీ హకీములు నేటికీ ఈ మాటలే వాడతారు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేర యూనానీ వైద్య కళాశాల ఉన్నది కనుక మన ప్రాంత పాఠకులకు ఇవి పూర్తిగా కొత్త మాటలు కావు. నొప్పి అనే ఒక్క పేరు కింద అన్నిటినీ కలిపివేయకూడదనే జాగ్రత్త ఈ పదాల విభజనలోనే కనిపిస్తుంది.

హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో మరణించిన అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ, మశూచికాన్నీ తట్టునూ వేరుచేసి వివరిస్తూ ప్రత్యేక గ్రంథమే రాశాడు. పైకి ఒకేలా కనిపించే రెండు రోగాలను లక్షణాల చేత విడదీయడంలో ఆ గ్రంథం తరువాతి వైద్యులకు దారి చూపింది. ఆయన తరువాత వచ్చిన ఇబ్ను సీనా (980–1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'ను 5 భాగాలుగా రచించాడు. మూడవ భాగంలో తలనుంచి పాదాల వరకు అవయవాల రోగాలు వరుసగా ఉంటాయి. కీళ్ళ నొప్పులు చివరన వస్తాయి. మొదటి భాగంలో రోగాలను ముఫ్రద్, మురక్కబ్ అని, అనగా సాధారణ రోగమనీ మిశ్రమ రోగమనీ విభజించాడు. రెండు జబ్బులు ఒకే మనిషిలో ఉన్నంత మాత్రాన దానిని మిశ్రమ రోగం అనరాదనీ, అవి కలిసి ఒకే రోగంగా రూపొందినప్పుడే ఆ పేరు తగుననీ కూడా ఆయన వివరించాడు. అంటే పక్కపక్కన ఉండే రోగాలు వేరు, పెనవేసుకున్న రోగాలు వేరు. ఈ భేదం మనకు ముందు ముందు అవసరమవుతుంది.

నాలుగు ఖిల్త్‌లు, అనగా శరీరంలోని ద్రవాలు తారుమారు కావడం వల్ల రోగం వస్తుందన్న ఆనాటి సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. అయితే రోగం ముందు నిలబడి ఏ క్రమంలో ఆలోచించాలో వారు చూపిన పద్ధతికి నేటికీ విలువ ఉన్నది.

సబ్ర్, తఖ్సీమ్

మదర్సాలో ఉసూలుల్ ఫిఖ్హ్ చదివినవారికి 'సబ్ర్ వ తఖ్సీమ్' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఒక షరీఅత్ ఆదేశానికి ఇల్లత్, అనగా కారణం ఏదో తెలుసుకోవడానికి అనుసరించే పద్ధతులలో ఇదొకటి. కారణం కాదగిన వాటినన్నిటినీ ముందు విడివిడిగా పేర్చుకోవడం తఖ్సీమ్. ఒక్కొక్కదానినీ పరీక్షించి పనికిరానిదానిని తొలగించుకుంటూ పోవడం సబ్ర్. డాక్టరు రోగిని చూసినప్పుడు మనసులో చేసుకునే లెక్క కూడా సరిగ్గా ఇదే.

ఇక్కడ ఒక చిన్న భాషా విషయం చెప్పవలసి ఉన్నది. తెలుగులో రాస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి గాని, ఓర్పు అనే అర్థం గల సబ్ర్ 'సాద్' అక్షరంతో మొదలవుతుంది. పరీక్షించడం అనే సబ్ర్ 'సీన్' అక్షరంతో మొదలవుతుంది. ఈ రెండవ మాటకు మూలార్థం గాయం లోతు చూడడం. గాయంలోకి పోనిచ్చి లోతు కొలిచే శస్త్రవైద్యుని సలాకను అరబ్బీలో మిస్బార్ అంటారు. అది ఈ ధాతువు నుంచి వచ్చిన పదమే. నేను మా ఖాలాకు సాద్‌తో రాసే సబ్ర్‌ను బోధించాను. సీన్‌తో రాసే సబ్ర్ అప్పటికి జరగనే లేదు.

ఈ పద్ధతిలో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, జాబితా అసంపూర్ణంగా ఉండడం. అసలు కారణం జాబితాలోనే లేకపోతే ఎంత తొలగించినా అది దొరకదు. రెండవది, కారణం ఒకటే ఉండి తీరుతుందని ముందే అనుకోవడం. ఒకటి దొరకగానే మిగిలినవాటిని చూడకుండా కొట్టివేస్తాము. ఒకే హుకుంకు రెండు ఇల్లత్‌లు ఉండవచ్చునా అన్న చర్చ ఉసూలు పండితులలో చాలాకాలం సాగింది. ఇమాం గజాలీ (మరణం హిజ్రీ 505, క్రీ.శ. 1111) 'అల్ ముస్తస్ఫా'లో ఉండవచ్చుననే తేల్చారు. వుజూ భంగమయ్యే కారణాలు రెండు ఒకేసారి సంభవిస్తే, వుజూ పోయింది ఫలానా ఒక్కదానివల్లనే అని చెప్పగలమా? రెండూ కారణాలే. ఒకదానిని చూపి రెండవది లేదనడానికి వీలులేదు.

పాశ్చాత్య దేశాలలో 14వ శతాబ్దికి చెందిన ఓక్హమ్ అనే క్రైస్తవ పండితుని పేర, అవసరానికి మించి కారణాలను కల్పించుకోరాదన్న సూత్రం ప్రసిద్ధం. పిల్లవానికో యువకునికో హఠాత్తుగా జబ్బు చేసినప్పుడు లక్షణాలన్నిటికీ ఒకే కారణం వెదకడం సాధారణంగా సరైన దారే. కానీ అరవై దాటినవారిలో, ఏళ్ళ తరబడి పెరిగిన నొప్పిలో, ఆ సూత్రాన్ని గట్టిగా పట్టుకుంటే మోసపోతాము. వయసు, నీరు, పని, పాత జ్వరాలు, వాడిన మందులు అన్నీ ఒకే మోకాలిలో లెక్కకు వస్తాయి.

మన సీమలో చేరవలసిన జాబితా

రాయలసీమలో కీళ్ళనొప్పి అనగానే తఖ్సీమ్‌లో చేర్చుకోవలసినవి ఇవి.

మొదటిది అరుగుదల. నడి వయసు దాటినవారికి మోకాళ్ళలో ఎక్కువ. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఉదయం లేచినప్పుడు బిగుతు ఉన్నా అరగంటలోపే సడలుతుంది.

రెండవది రుమటాయిడ్ కీళ్ళవాతం. శరీరానికి రక్షణ ఇవ్వవలసిన శక్తే కీళ్ళ పొరపై దాడి చేయడం దీని స్వభావం. పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చేతివేళ్ళ మొదళ్ళు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. ఉదయపు బిగుతు గంటకు పైగా ఉంటుంది. మా ఖాలాను డాక్టరు "పొద్దున ఎంతసేపటికి చేతులు వస్తాయి?" అని అడిగితే, "ఇంట్లో అందరూ సంగటి తిని పనికి పోయినాంక" అని చెప్పింది. ఆ ఒక్క జవాబు ఎక్స్‌రే కంటే ఎక్కువ చెప్పింది. ఈ రోగంలో మొదటి నెలలు అమూల్యమైనవి. త్వరగా మందు మొదలుపెడితే కీలు చెడకుండా ఆపవచ్చు. చెడిన కీలును మందు తిరిగి తేలేదు.

మూడవది ఫ్లోరోసిస్. మన దేశంలో దీనిని వైద్యులు మొదట వివరించింది తెలుగు నేలమీదనే. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి ప్రకటించారు. కడప, అనంతపురం జిల్లాలలో కూడా అనేక చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నది. తాగేనీటిలో ఇది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణం. ఏళ్ళ తరబడి అంతకు మించి తాగితే ఎముక చిక్కబడి, బంధనాలు గట్టిపడి, మెడా నడుమూ వంగవు. పళ్ళమీద గోధుమరంగు మచ్చలు లేవు కనుక ఫ్లోరోసిస్ కాదని కొందరు తోసిపుచ్చుతారు. ఇది పొరపాటు. పంటి మచ్చలు పళ్ళు తయారయ్యే బాల్యంలో ఆ నీరు తాగినవారికే వస్తాయి. వేరే ఊరినుంచి కోడలుగా వచ్చిన స్త్రీకి పళ్ళు శుభ్రంగా ఉండి, ఎముకలు మాత్రమే దెబ్బతినవచ్చు.

నాలుగవది చికున్‌గున్యా. 2005 చివరినుంచి 2006 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఇది విజృంభించింది. ఈ మాట ఆఫ్రికాలోని మకొండే భాషది. మనిషి వంగిపోవడమని దాని భావం. చాలామందికి కొన్ని వారాలలో, నెలలలో నొప్పి పోతుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది. చేతులు వాచి అచ్చం రుమటాయిడ్ లాగానే కనిపించవచ్చు.

ఐదవది విటమిన్ డి లోపం. ఎముకలు మెత్తబడి ఒళ్ళంతా లాగుతుంది. కింద కూర్చుంటే లేవడానికి తొడలలో బలం ఉండదు. ఎండకు పేరుగాంచిన సీమలో ఈ లోపమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. ఎండ ఊరికి ఉండవచ్చు గాని ఇంట్లోనే ఉండేవారి చర్మానికి అందదు. మన స్త్రీలు పరదా పాటిస్తూనే ఇంటి ప్రాంగణంలోనో మిద్దెమీదనో చేతులకూ కాళ్ళకూ కాస్త ఎండ తగలనివ్వడానికి అభ్యంతరమేమీ లేదు.

వీటికి తోడు, రాత్రికి రాత్రి బొటనవేలు ఎర్రగా వాచే నిఖ్రిస్, నెలల తరబడి ఒకే కీలునో వెన్నునో తినే క్షయ, చక్కెర వ్యాధి ఉన్నవారికి వచ్చే భుజం బిగుతు, థైరాయిడ్ లోపం కూడా జాబితాలో ఉండాలి.

రోగాలు కలిసే తీరులు

ఇబ్ను సీనా చెప్పిన భేదాన్ని గుర్తుంచుకుని చూస్తే, ఇవి ఒకే శరీరంలో కలిసే తీరులు నాలుగు కనిపిస్తాయి.

కొన్ని పక్కపక్కన నిలుస్తాయి. వృద్ధునికి మోకాళ్ళ అరుగుదల ఉంటుంది, దానితో సంబంధం లేకుండా వేళ్ళలో వాతం మొదలవుతుంది. మోకాలు చూసినవాడు వేళ్ళు చూడకపోతే రెండవది దాగిపోతుంది.

కొన్ని ఒకదానికొకటి దారి చేస్తాయి. రుమటాయిడ్ వల్ల చెడిన కీలు తరువాత అరుగుదలకు లోనవుతుంది. ఫ్లోరైడును శరీరంనుంచి బయటికి పంపవలసినవి మూత్రపిండాలు. నొప్పి మాత్రలు అదుపు లేకుండా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, దెబ్బతిన్నకొద్దీ ఫ్లోరైడు ఒంట్లో నిలిచిపోతుంది. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మూత్రం మందులు యూరిక్ ఆమ్లాన్ని పెంచి నిఖ్రిస్‌ను తెస్తాయి. ఒక రోగానికి వేసుకున్న మందు మరొక రోగానికి కారణమవుతుందన్న మాట.

కొన్ని పెనవేసుకుని కొత్త రూపం పొందుతాయి. దీనికి తెలుగుదేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడు నీటిని తాగే యువకులలో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో వివరించారు. ఫ్లోరోసిస్‌లో ఎముక చిక్కబడుతుందని అంతకుముందు తెలుసు. ఈ యువకులలో ఎముక పలచబడడం కూడా కనిపించింది. ఫ్లోరైడు ఒక్కటే దీనిని వివరించలేదు. ఆహారంలోని కాల్షియం లోటు, రాగి వంటి సూక్ష్మ లోహాల పాళ్ళు కూడా లెక్కలోకి తీసుకోవలసివచ్చింది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఒకటి మరొకదానిని కప్పివేయడం. ఎప్పటినుంచో వాతమున్న మనిషికి ఒక కీలు మాత్రం హఠాత్తుగా వేడెక్కి, ఎర్రబడి, జ్వరం వస్తే "పాత వాతమే తిరగబడింది" అనుకుంటారు. అది చీము పట్టిన కీలు కావచ్చు. చెడిన కీలులోకి సూక్ష్మక్రిములు చేరడం మరింత సులభం. ఆలస్యమైతే ముందు కీలు, తరువాత ప్రాణం పోవచ్చు. కీలులోని నీరు తీసి చూసినప్పుడు నిఖ్రిస్ స్ఫటికాలు కనిపించినా, క్రిములు లేవని దానివల్ల రుజువు కాదు. రెండూ ఒకే కీలులో ఉండగలవు. అందుకే జాగ్రత్త గల వైద్యుడు స్ఫటికాలు దొరికిన తరువాత కూడా ఆ నీటిని క్రిముల పరీక్షకు పంపుతాడు. ఒక ఇల్లత్ దొరికినంత మాత్రాన రెండవ ఇల్లత్ పోదన్న ఉసూలు మాటకు ఇంతకంటే మంచి దృష్టాంతం నాకు కనబడలేదు.

పరీక్షల సాక్ష్యం

రక్తపరీక్ష, ఎక్స్‌రే సాక్షులవంటివి. సాక్షి ఖాజీ కాడు. సాక్ష్యాన్ని తూచి తీర్పు చెప్పవలసిన ఖాజీ, రోగి మాట విని కీళ్ళను చేత్తో పట్టి చూసిన వైద్యుడే.

రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే పరీక్షనే తీసుకుందాం. ఈ రోగం ఉన్న వందమందిలో ఇరవై ముప్పై మందికి అది లేదనే వస్తుంది. ఏ కీళ్ళజబ్బూ లేని కొందరు వృద్ధులకూ, క్షయ వంటి ఇతర రోగాలున్న కొందరికీ ఉందని వస్తుంది. సీసీపీ అనే మరొక పరీక్ష దీనికంటే నమ్మదగినదైనా, అది కూడా అందరినీ పట్టుకోదు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ప్రతివారికీ నిఖ్రిస్ లేదు. నిఖ్రిస్ నొప్పి ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు. అరవై ఏళ్ళవారి మోకాలి ఎక్స్‌రేలో అరుగుదల కనబడడం సర్వసాధారణం. నొప్పికి అదే కారణమని దానివల్ల తేలదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంశం విటమిన్ డి లోపంలోనూ పెరుగుతుంది, ఫ్లోరోసిస్‌లోనూ పెరుగుతుంది. అది రెంటినీ విడదీయలేదు.

కనుక ప్రతి నిర్ధారణ తరువాత ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ రోగం పేరుతో ఈ మనిషి లక్షణాలన్నీ తీరిపోయాయా? ఏమైనా మిగిలిందా? ఫ్లోరోసిస్ నడుమును బిగదీస్తుంది, కీళ్ళను కూడా నొప్పిస్తుంది. కాని వేళ్ళ మొదళ్ళు వాచి మెత్తగా ఉండడం, గంటల తరబడి ఉదయపు బిగుతు దాని లెక్కలోకి రావు. మా ఖాలా విషయంలో మిగిలిపోయినది ఇదే. నివేదిక తప్పు కాదు. ఆమె చేతులు అందులో లేవు, అంతే. నేను ఆమె చేతులవైపు చూడకుండా కాగితంవైపు చూశాను.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఇంటివారు ఈ సంగతులు రాసుకుని తీసుకువెళ్ళడం మంచిది.

1. నొప్పి ఏ కీలులో మొదలైంది, తరువాత ఎక్కడికి పాకింది.
2. ఉదయం బిగుతు ఎంతసేపు ఉంటుంది. పనిచేస్తే పెరుగుతుందా, సడలుతుందా.
3. కీలు వాచిందా, ఊరికే నొప్పేనా. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా.
4. ఏ ఊళ్ళ నీళ్ళు, ఎన్నేళ్ళు తాగారు. ఆ నీటిని పరీక్ష చేయించారా.
5. వాడుతున్న మందులన్నీ: షుగరువి, రక్తపోటువి, హకీం ఇచ్చినవి, పొట్లాలలో ఇచ్చినవి కూడా.
6. పాత నొప్పికీ కొత్త నొప్పికీ తేడా ఉందా. ఈ ఆరవ ప్రశ్నకు జవాబు రోగికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఏది ముందు?

రెండు మూడు రోగాలు కలిసి కనబడితే దేనిని ముందు పట్టుకోవాలి? ఖానూన్ మొదటి భాగంలో చికిత్సా ప్రకరణంలో ఇబ్ను సీనా దీనికి మూడు కొలతలు చూపాడు. ఒకటి నయమైతే తప్ప రెండవది నయం కాని పక్షంలో మొదటిదాన్నే ముందు చూడాలి. వాపూ పుండూ కలిసి ఉంటే ముందు వాపు సంగతి చూడాలని ఆయన ఉదాహరణ. ఒకటి మరొకదానికి కారణమైతే కారణాన్ని ముందు తొలగించాలి. ఒకటి మరొకదానికంటే ప్రాణాంతకమైతే దానిని ముందు చూడాలి, అయితే రెండవదానిని మరువకూడదు. ఇక నొప్పి వంటి లక్షణంకంటే రోగానికే చికిత్స ముందు. నొప్పి భరించరానిదైనప్పుడు మాత్రం దానిని ముందు శాంతింపజేయవచ్చు.

వెయ్యేళ్ళ నాటి ఈ క్రమాన్ని నేటి రోగికి అన్వయించి చూద్దాం. వేడెక్కిన ఒంటరి కీలు, జ్వరం ఉంటే మిగిలిన జబ్బులన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రి. ఇది మూడవ కొలత. ఫ్లోరైడు నీరు తాగుతూ ఫ్లోరోసిస్‌కు బలం మందులు వాడడం వృథా, నీరు మార్చడమే ముందు. ఇది రెండవ కొలత. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో శుద్ధిచేసే నల్లగొండ పద్ధతిగాని, తగిన శుద్ధి యంత్రంగాని, పరీక్షించిన వేరే నీరుగాని కావాలి. రుమటాయిడ్‌కు బలమైన మందు మొదలుపెట్టేముందు క్షయ ఉందేమో చూసుకోవడం మొదటి కొలతకు దగ్గరగా వస్తుంది. ఆ మందులలో కొన్ని నిద్రిస్తున్న క్షయను లేపగలవు.

నొప్పిని అణచడమే చికిత్స అనుకుంటే ఏమవుతుందో మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాము. పేరులేని పొట్లాలలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. రెండు రోజుల్లో మనిషి లేచి నడుస్తాడు, మందు ఇచ్చినవానికి పేరు వస్తుంది. లోపల షుగరు పెరుగుతుంది, ఎముక పలచబడుతుంది, చీము పట్టినా జ్వరం కనబడదు, వైద్యునికి దారి చూపవలసిన గుర్తులన్నీ చెరిగిపోతాయి. చాలాకాలం వాడినదానిని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. రుమటాయిడ్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒకే రోజు వేసుకోవాలి. చీటీ సరిగా చదవక రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. చదువు రాని పెద్దలకు ఆ రోజు పేరు చెప్పి, "జుమా నాడు మాత్రమే" అన్నట్లు గుర్తుపెట్టించాలి.

షరీఅత్ దృష్టి

రోగానికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. చికిత్స వెదకడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఇమాం మాలిక్ 'మువత్తా'లో ఒక వృత్తాంతం ఉన్నది. గాయపడిన వ్యక్తి కొరకు ఇద్దరిని పిలిపించినప్పుడు, వారిలో వైద్యం ఎక్కువ తెలిసినవాడెవరని దైవప్రవక్త అడిగారట. ఎవరో ఒకరు చూస్తే చాలు అనుకోకుండా, తెలిసినవానిని వెదకాలని దీనివల్ల గ్రహిస్తాము. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడనే హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. చీటీ చదవగలిగినంత మాత్రాన తీర్పు చెప్పే నావంటివారికి ఈ హదీసు భయం కలిగించాలి.

నమాజు విషయానికి వస్తే, నిలబడలేనివారు కూర్చునీ, అదీ చేతకానివారు పక్కకు ఒరిగీ చేయవచ్చునని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఈ సౌకర్యం అల్లాహ్ కరుణ. దానిని వాడుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. అయితే ఏ రోగి ఎంతవరకు నిలబడవచ్చు, రుకూ సజ్దాలు చేయడం కీలుకు హానికరమా కాదా అన్నది రోగం ఏదో తెలిస్తేగాని తేలదు. గట్టిపడిన వెన్ను వంగదు, దానిని బలవంతం చేయరాదు. వాపు తగ్గిన మోకాలు తిరిగి సజ్దాకు రావచ్చు. కనుక రోగం పేరు తేల్చుకోవడం ఒంటికే కాదు, ఇబాదత్‌కు కూడా సంబంధించిన విషయం. నమ్మదగిన వైద్యుని మాట తీసుకుని, దానితో ముఫ్తీని అడగాలి. కుర్చీ మీద కూర్చోవడం మొదలుపెట్టిన పెద్దలను, "ఎందుకు కూర్చున్నారు?" అని మందలించడం కంటే, "ఎవరికి చూపించుకున్నారు?" అని అడగడం మేలు.

మా ఖాలా ఇప్పుడు శుద్ధిచేసిన నీళ్ళు తాగుతుంది. వారానికొకసారి మాత్ర వేసుకుంటుంది, రక్తపరీక్షలకు వెళ్తుంది. వాపులు తగ్గాయి. వంగిన వేళ్ళు నిటారు కాలేదు, ఇక కావు. నడుము వంగదు కనుక నమాజు కూర్చునే చేస్తుంది. కాని వుజూకు చెంబు తనే ఎత్తుకుంటుంది, ఇంకొకరు నీళ్ళు పోయనక్కరలేదు. ఆ రెండేళ్ళ గురించి నేను క్షమాపణ అడిగితే, "నువ్వు చదివింది చెప్పినావు, చదవనిది ఎట్ల చెప్తావు" అన్నది. ఆమె మంచితనం అది. చదవనిది ఇంకా ఉండవచ్చునన్న అనుమానం మాత్రం చదివేవాడికి ఉండి తీరాలి.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతనూ, వారిని చూసేవారికి లోతు చూసే కంటినీ ప్రసాదించుగాక. ఆమీన్.